ఒక ఏడాది సముద్రాన్ని కొలవండి: వాల్తేరు క్యాంపస్‌లో కొత్త పీజీ విద్యార్థులకు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, రెండు వరుసలు ఖాళీగానే ఉన్నాయి.

మీలో కొందరు సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగినవాళ్ళు. కొందరు అడ్మిషన్‌కి వచ్చినరోజే మొదటిసారి చూసుంటారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రెండేళ్ళుంటారు. ఆ రెండేళ్ళలో ఒక ఏడాదిపాటు, ఎక్కడా తెగకుండా, ఒకే చోట, ఒకే పద్ధతిలో సముద్రాన్ని కొలిచి రాసిపెట్టుకోండి. ప్రాజెక్టు, ఫెలోషిప్, ఉద్యోగం అంటూ మీరు కంగారుపడే విషయాల్లో చాలావాటికి ఆ ఒక్క పుస్తకం పనికొస్తుంది. రోజూ సాయంత్రం బీచ్‌కి వెళ్ళి, రెండేళ్ళయ్యాక ఒక్క అంకె కూడా రాసుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక్కడ ఆ పని కొత్తదేం కాదు. ఈ విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి వచ్చింది. 1950ల మొదట్లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఇక్కడికి వచ్చారు. మన భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహాదేవన్‌తో కలిసి, నౌకాదళం ఓడల మీద విద్యార్థులను తీసుకెళ్ళి బంగాళాఖాతం నీళ్ళు, అడుగుమట్టి సేకరించారు. ఆ పని 1954లో విశ్వవిద్యాలయం తరఫున సంపుటిగా వచ్చింది. తర్వాత మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున లోతైన లోయలు కనబడితే వాటికి లాఫాండ్ ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. అంటే మీరు చదవబోయే విశ్వవిద్యాలయం పేరు సముద్రగర్భ పటంలో ఉంది. ఆ పేరు వెనక ఉన్నది ఖరీదైన పరికరాలొక్కటే కాదు. తాడు, సీసా, థర్మామీటరు, పెన్సిలు పట్టుకుని మళ్ళీమళ్ళీ వెళ్ళడమూ ఉంది.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ముందు ఇసుక సంగతి.

రామకృష్ణా బీచ్‌లో ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి, అంటే భీమిలి వైపుకి తోస్తాయి. నవంబరు నుంచి చలికాలంలో కొంత వెనక్కి, దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం లెక్కవేస్తే ఉత్తరానికి పోయేదే చాలా ఎక్కువ. 1933లో తెరిచిన ఓడరేవుకి, తర్వాత 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్‌కి అడ్డుగోడలు వచ్చాక, దక్షిణం నుంచి వచ్చే ఇసుక డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరే ఆగిపోతుంది. గోడకి ఉత్తరాన ఉన్న బీచ్‌కి రావలసిన ఇసుక రాదు, పోయేది మాత్రం పోతూనే ఉంటుంది. అందుకే డ్రెడ్జర్లతో ఇసుక తవ్వి, పైపుల ద్వారా ఈ బీచ్ మీద పోయాల్సి వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఎంత ఇసుక పోయిందో చెప్పాలంటే అక్టోబరు 11 దాకా కొలతలు ఉండాలి. తుఫాను వెళ్ళిపోయాక టేపు పట్టుకుని బయల్దేరితే, పోయినదాని లెక్క ఎవరూ చెప్పలేరు.

ఈ కొలతకి పరికరం మీరే చేసుకోవచ్చు. 1961లో ఎమరీ అనే సముద్ర భూగర్భశాస్త్రవేత్త చెప్పిన పద్ధతి, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. రెండు కర్రలు కావాలి, ఒక్కోటి సరిగ్గా మీటరున్నర. అల్యూమినియం గొట్టమైనా, పీవీసీ పైపైనా సరే. పైనుంచి కిందికి సెంటీమీటర్లు గుర్తుపెట్టండి, సున్నా పైకొనన ఉండాలి. రెండిటి మధ్య మీటరున్నర పొడవు తాడు కట్టండి. కర్రల అడుగున అరచేయంత చెక్కబిళ్ళ బిగించండి, లేకపోతే మెత్తని ఇసుకలో కర్ర దిగబడి ప్రతి రీడింగులోనూ ఒకటి రెండు సెంటీమీటర్లు తప్పుతుంది. ఇరవైసార్లు కర్ర జరిపేసరికి ఆ తప్పులన్నీ కలిసి, లేని కోతను ఉన్నట్టు చూపిస్తాయి.

మొదలుపెట్టే చోటు కదలనిదై ఉండాలి. బీచ్ రోడ్డు గోడ మూలో, మెట్ల అంచో ఎంచుకుని పెయింటుతో గుర్తు పెట్టి, ఫోటో తీసి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. అక్కడ ఒక కర్ర నిలువుగా పెట్టి, తాడు బిగుతుగా లాగి రెండోది సముద్రం వైపు పెట్టండి. నేల సముద్రం వైపు దిగుతుంటే, ఒడ్డువైపు కర్ర వెనక నిలబడ్డ మనిషి ముందు కర్ర పైకొననీ, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతనీ ఒకే వరుసలోకి తెచ్చుకోవాలి. ఆ చూపు తన కర్ర మీద ఎక్కడ తగులుతుందో చదవాలి. అది 14 అయితే నేల 14 సెంటీమీటర్లు దిగినట్టు. నేల పైకి లేస్తే ఒడ్డువైపు కర్ర పైకొన మీదుగా చూస్తూ, ముందు కర్ర మీద చదివి ప్లస్ గుర్తు వేయాలి. తర్వాత వెనక కర్రను ముందు కర్ర ఉన్న గుంటలోనే పెట్టి, ముందు కర్ర ఇంకో తాడు దూరం జరగాలి. అలా నీటి అంచు దాకా.

ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్తాను. ప్లస్, మైనస్ గుర్తు రాయడం మర్చిపోతారు, ఇంటికొచ్చాక గుర్తురాదు. కర్ర వాలుతుంది, పక్కన మూడో మనిషి ఉండి సరిచెయ్యాలి. మంచు పట్టిన ఉదయం ఆకాశపు గీత కనబడదు, అప్పుడు ఊహించి చదవకుండా ఎండ వచ్చేదాకా ఆగండి. అన్నిటికన్నా పెద్ద తప్పు, తమకి కుదిరిన వేళకి వెళ్ళడం. విశాఖలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటిమట్టంలో తేడా సుమారు మీటరున్నర ఉంటుంది. పోటు వేళ వెళితే సగం బీచ్ నీళ్ళ కిందే ఉంటుంది. కాబట్టి పదిహేను రోజులకోసారి, అమావాస్యకీ పౌర్ణమికీ, టైడ్ టేబుల్ చూసుకుని, పాటు వేళకి వెళ్ళండి. ఏడాదికి ఇరవై నాలుగైదుసార్లు అవుతుంది. ప్రతిసారి గంట పని.

వెళ్ళినప్పుడు ఇసుక రంగు కూడా చూడండి. పెద్ద అలల తర్వాత అక్కడక్కడ నల్లగా చారలు పడతాయి. అది మురికి కాదు. ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్ వంటి బరువైన ఖనిజాలు. తేలిక ఇసుకని అల ఎత్తుకెళ్ళిపోతే ఇవి మిగులుతాయి. నల్ల చార ఎక్కడ పడిందో గీసుకుంటే, కోత ఎక్కడ పడుతోందో మీ కర్రల లెక్క చెప్పకముందే తెలుస్తుంది.

ఇక నీళ్ళు. మన తీరంలో నీటిని ఏడాది పొడవునా చూడటం ఎందుకు ముఖ్యమంటే, ఇది ఏ నెలకానెల మారిపోతుంది. మార్చి నుంచి గాలి తీరం వెంబడి నైరుతి నుంచి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీళ్ళు కుడివైపుకి, అంటే ఒడ్డుకి దూరంగా జరుగుతాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి, పోషకాలున్న నీళ్ళు పైకొస్తాయి. నడి ఎండాకాలంలో సముద్రం చల్లగా తగిలితే అదే కారణం. అక్టోబరు, నవంబరులో కథ తిరగబడుతుంది. ఉత్తరాది నదుల వరదనీరు తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. ఎండాకాలంలో కిలో నీటికి 34 గ్రాముల దాకా ఉండే ఉప్పదనం 30 కన్నా బాగా కిందికి పడిపోతుంది. మార్చిలో ఒకరోజు, మేలో ఒకరోజు శాంపిల్ తీసి ఇదీ విశాఖ సముద్రం అని రాస్తే, అది సగం నిజం కూడా కాదు.

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని వింక్లర్ పద్ధతిలో కొలవడం ప్రతి ప్రాక్టికల్ పుస్తకంలోనూ ఉంటుంది. కానీ మార్కులు పోయేదీ, ఫలితాలు పాడయ్యేదీ మొదటి రెండు నిమిషాల్లోనే. 125 మిల్లీలీటర్ల గాజుసీసాలోకి నీళ్ళు పోయకూడదు. రబ్బరుగొట్టం అడుగుదాకా పెట్టి మెల్లగా నింపి, సీసాకి రెండింతలు నీళ్ళు పొంగిపోయేదాకా వదలాలి. బుడగ ఒక్కటున్నా గాలిలోని ఆక్సిజన్ కలిసిపోతుంది. వెంటనే, ఒడ్డుమీదే, మాంగనస్ ద్రావణం ఒక మిల్లీలీటరు, ఆల్కలైన్ అయొడైడ్ ఒక మిల్లీలీటరు, పిపెట్ కొన నీటి లోపల ఉంచి వదలాలి. మూతపెట్టి తలకిందులు చేసి కలపాలి. గోధుమరంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉంది, తెల్లగానే ఉండిపోతే దాదాపు లేదు. ఇక్కడిదాకా అయ్యాక సీసాని చీకట్లో పెట్టి ల్యాబ్‌కి తేవచ్చు. శాంపిల్ తెచ్చి, టీ తాగి, సాయంత్రం రసాయనాలు వేస్తే మీరు కొలిచేది సముద్రాన్ని కాదు, సీసాలో సూక్ష్మజీవులు తినేయగా మిగిలినదాన్ని. ల్యాబ్‌లో ఆమ్లం వేసి థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేసేటప్పుడు, లేత గడ్డిరంగు వచ్చాకే స్టార్చ్ వేయండి. ముందే వేస్తే అయొడిన్ స్టార్చ్‌ని పట్టుకుని వదలదు, చివరి బిందువు సరిగ్గా తెలియదు. థయోసల్ఫేట్ నిలవుంటే బలం తగ్గుతుంది, కాబట్టి ఏరోజుకారోజు పొటాషియం అయొడేట్‌తో సరిచూసుకోవాలి.

నీటిలోని సూక్ష్మ మొక్కల క్లోరోఫిల్ కొలవడానికి గ్లాస్ ఫైబర్ ఫిల్టర్, 90 శాతం అసిటోన్, రాత్రంతా చీకట్లో చల్లగా ఉంచడం. ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సన్నజీవులను పట్టే వలకి నోటి దగ్గర ఫ్లోమీటర్ లేకపోతే ఎంత నీరు వడకట్టారో తెలియదు, అప్పుడు లెక్కించిన జీవుల సంఖ్యకి అర్థం లేదు. ఇవి మీ అధ్యాపకులు దగ్గరుండి చూపిస్తారు.

ఓడ ఎక్కే అవకాశం దొరకనివాళ్ళు నిరాశపడకండి. ప్రపంచ సముద్రాల్లో సుమారు 4 వేల ఆర్గో ఫ్లోట్లు తేలుతున్నాయి. పది రోజులకోసారి 2 వేల మీటర్ల లోతునుంచి పైకొస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ఆ సమాచారం ఎవరికైనా ఉచితం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, మన వైపు సముద్రానికి ఆ సమాచారాన్ని సరిచూసి ఇస్తుంది. ఓషన్ డేటా వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచి, బంగాళాఖాతంలో ఒక ఏడాది ఉప్పదనం గీసి చూడండి. మీరు బీచ్‌లో బకెట్‌తో తీసిన నీళ్ళలో కొలిచిన ఉప్పదనం తగ్గుదల అందులోనూ కనబడుతుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టగలిగిన విద్యార్థిని ఏ ఇంటర్వ్యూ బోర్డూ తేలిగ్గా పంపించదు. ఇన్‌కాయిస్‌లోనే ఐటీకూఓషన్ (ITCOOcean) అనే శిక్షణ కేంద్రం ఉంది, పొట్టి కోర్సులు నడుపుతుంది. ప్రకటనలు చూస్తూ ఉండండి.

విశాఖలో ఉన్న అదృష్టం ఏమిటంటే, చదువుకునేచోటికి బస్సు దూరంలోనే చాలా సంస్థలున్నాయి. లాసన్స్ బే దగ్గర జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం, మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రం, ఫిషరీ సర్వే వారి స్థావరం, వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం, నౌకాదళ పరిశోధనకి ఎన్‌ఎస్‌టీఎల్, డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు కోసం ఫిబ్రవరిలో వెళ్ళి అడిగితే సీట్లుండవు. మూడో సెమిస్టర్ మొదట్లోనే, మీ గైడ్ సంతకంతో, ఒక పేజీ ప్రతిపాదనతో వెళ్ళాలి. ఆ పేజీలో ప్రశ్న ఏమిటి, ఇప్పటికే ఏ కొలతలున్నాయి, వాళ్ళ దగ్గర ఏ పరికరం కావాలి, ఎన్ని రోజులు కావాలి, ఇవి నాలుగూ ఉంటే చాలు. సముద్రం మీద ఆసక్తి ఉంది అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

వేసవి ఫెలోషిప్పుల గురించి ఒక్కమాట. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి. ఎంఎస్సీ మొదటి ఏడాది వాళ్ళు అర్హులు. దరఖాస్తు గడువు మామూలుగా నవంబరు దగ్గర ముగుస్తుంది. అంటే మీరు చేరిన కొద్ది నెలలకే. అధ్యాపకుల సిఫారసు కావాలి, కాబట్టి మీరెవరో తెలిసిన అధ్యాపకులు అప్పటికే ఒకరుండాలి. పరిశోధనలో కొనసాగాలనుకునేవాళ్ళకి సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో భూమి, వాతావరణం, సముద్రం కలిసిన ప్రత్యేక సబ్జెక్టు ఉంది. మొత్తం 200 మార్కుల్లో సి భాగానికే 100. అందులో 25 ప్రశ్నలకి జవాబివ్వాలి, ఒక్కోటి 4 మార్కులు. కంఠస్థం పనిచేయదు, లెక్క కట్టాలి. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000, సీనియర్ దశలో 42,000, ఇంటద్దె భత్యం వేరు. పరిశోధనే వద్దు, త్వరగా ఉద్యోగం కావాలనుకునేవాళ్ళని నేను తక్కువగా చూడను. భీమిలి వైపూ, కాకినాడ తీరం వెంబడీ వనామీ రొయ్యల హేచరీలున్నాయి, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లున్నాయి. వాళ్ళకి కావలసింది నీటిని నమ్మకంగా కొలిచి, రోజూ రాసిపెట్టే మనిషే.

ఇప్పుడు మన పొరుగువాళ్ళ గురించి. పెదవాల్తేరు దిగితే జాలరిపేట. క్యాంపస్ రాకముందు నుంచీ ఆ సముద్రం వాళ్ళ బతుకు. వాళ్ళ దగ్గరికి ఫారం పట్టుకుని వెళ్ళే పద్ధతి ఒకటుంది. తెల్లవారుజామున బోట్లు ఒడ్డెక్కే వేళకి వెళ్ళండి గానీ, వేలం పాట జరుగుతుండగా ఎవరినీ కదపకండి. ఆ పదినిమిషాల్లోనే వాళ్ళ రోజు సంపాదన తేలుతుంది. పాట అయ్యాక, వలలు దులుపుకుంటున్నప్పుడు, అన్నా, బాబాయ్ అని పలకరించి పక్కన కూర్చోండి. గంపలెత్తే ఆడవాళ్ళని అక్కా, పిన్నీ అనండి. ధరలు, ఏ చేప ఎప్పుడు తగ్గింది అనే సంగతులు వాళ్ళకే బాగా తెలుసు. ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి తిరిగొచ్చారు, ఏ వల, ఎన్ని బారల లోతు, కవ్వళ్ళు ఎన్ని, కానాగంతలు ఎన్ని, నెత్తళ్ళు ఎన్ని, ఇవి రాసుకుంటే చాలు. ఒక బార సుమారు ఆరడుగులు. ఇంటికొచ్చి మీటర్లలోకి మార్చుకోండి, వాళ్ళని మీటర్లలో చెప్పమని అడగకండి. శాంపిల్‌కి చేప కావాలంటే డబ్బిచ్చి కొనండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. అప్పుడు వివరాలు దొరకవని సెలవుకి వెళ్ళిపోకండి. మనుషులు తీరిగ్గా మాట్లాడేది అప్పుడే. ఇన్‌కాయిస్ ఉపగ్రహ చిత్రాల్లోంచి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి, చేపలుండే చోట్ల సూచన ఇస్తుంది. దిక్కు, దూరం, లోతు చెబుతుంది. తెలుగులోనూ వస్తుంది. నిషేధం లేని రోజుల్లో ఆ సూచన పేటకి చేరుతోందా, చేరితే ఎవరు వాడుతున్నారు, వాడినవాళ్ళకి డీజిలు కలిసొచ్చిందా అని లెక్కకట్టడం మంచి ఎంఎస్సీ ప్రాజెక్టు. ఫలితం వచ్చాక ఒక పేజీ తెలుగులో రాసి పేటలో చదివి వినిపించండి. వివరాలు తీసుకుని మళ్ళీ మొహం చూపించనివాళ్ళ వల్ల, తర్వాతి ఏడాది పిల్లలకి ఎవరూ నోరు విప్పరు.

ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరినవాళ్ళకి ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది. బీచ్ శుభ్రం చేసే రోజున సంచులు నింపి ఫోటో దిగడంతో ఆపకండి. వంద మీటర్ల గీత గీసి, అందులో దొరికినవి రకాలవారీగా లెక్కపెట్టి తూకం వేయండి. తెగిన వలముక్కలు విడిగా పెట్టండి. జనవరి నుంచి మార్చి మధ్య రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లుంటాయి. గూడు కనబడితే మీరు తవ్వకూడదు, టార్చి వేయకూడదు, అటవీశాఖవాళ్ళకి చెప్పాలి. చట్టప్రకారం అది పులితో సమానంగా రక్షణ ఉన్న జీవి.

హాస్టల్ మెస్‌లో నెల ఖర్చు అందరి మధ్య పంచే పద్ధతి ఉంటే, ఫీల్డుకి వెళ్ళే రోజుల హాజరు ముందురోజు రాత్రే రిజిస్టర్‌లో కొట్టేయించండి. లేకపోతే తినని భోజనానికి కట్టాల్సొస్తుంది, నెలాఖరున గొడవ. ఐదింటికి బీచ్‌కి వెళ్ళే బృందం మెస్ సెక్రటరీతో ముందే మాట్లాడితే టిఫిను డబ్బాల్లో కట్టిస్తారు.

ప్రశ్నలుంటే అడగండి.

ఈత రాదు, నీళ్ళలోకి దిగొచ్చా అని అడుగుతున్నారు. వచ్చినా రాకపోయినా ఈ బీచ్‌లో మోకాలు దాటి దిగకండి. విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి, వాళ్ళలో విద్యార్థులూ ఉంటున్నారు. అలలు విరిగి వచ్చిన నీరు ఒక సన్నటి దారిలో వెనక్కి లాక్కుపోతుంది, దాన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో విరగకుండా, ముదురురంగులో, నెమ్మదిగా కనిపించే చోటు అది. కొత్తవాళ్ళు అక్కడే నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయనుకుని దిగుతారు. లాగేస్తే ఒడ్డువైపు ఈదకండి, ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరిగి, అలలు విరిగేచోటికి వచ్చాక ఒడ్డుకి రండి. ఒడ్డునున్నవాళ్ళు వెనకాలే దూకకుండా తాడో, ఖాళీ డబ్బానో విసరాలి. నీటి శాంపిల్‌కి ముగ్గురికి తక్కువ కాకుండా, లైఫ్ జాకెట్‌తో వెళ్ళాలి. బకెట్‌కి తాడు కట్టి విసిరితే లోపలికి దిగే అవసరమే ఉండదు.

ఆర్ట్స్ విద్యార్థులం, మాకేముంది అంటున్నారు. చాలా ఉంది. మన మానవశాస్త్ర విభాగం ఉంది. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు ఇదే తీరం కొండల మీద ఉన్నాయి. పేటలో పెద్దలు చెప్పే గాలుల పేర్లు, వలల పేర్లు, తెప్ప కట్టే పద్ధతి రికార్డు చేసి ఉంచినవి చాలా తక్కువ. తెప్పలు పోయి ఫైబర్ బోట్లు వచ్చేశాయి, కట్టడం తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. అనుమతి అడిగి రికార్డు చెయ్యండి. చెప్పినవాళ్ళ పేరు వేయాలో వద్దో వాళ్ళనే అడగండి.

చివరి ప్రశ్న, రెండేళ్ళకి మేం వెళ్ళిపోతే కొలతలు ఆగిపోవా అని. ఆగిపోతాయి, ముందే ఏర్పాటు చెయ్యకపోతే. పెన్సిలుతో రాసిన పుస్తకం ఒకటి విభాగంలో ఉండాలి. దాని ఫోటోలు, కంప్యూటర్‌లో ఎక్కించిన పట్టిక ఇంకో రెండుచోట్ల ఉండాలి. మొదటి పేజీలో మొదలుపెట్టిన గుర్తు ఫోటో, అక్షాంశ రేఖాంశాలు, కర్రల పొడవు, తాడు పొడవు రాయండి. రెండో ఏడాది జనవరి నుంచి జూనియర్లను తోడు తీసుకెళ్ళండి. మొదటి మూడుసార్లు మీరు చదవండి, వాళ్ళు రాస్తారు. తర్వాత మూడుసార్లు వాళ్ళు చదివాక, అదే గుంటలో కర్ర పెట్టి మీరు మళ్ళీ చదవండి. రెండు రీడింగులకీ తేడా ఒక సెంటీమీటరు దాటకపోతే, కర్రలు వాళ్ళ చేతికి ఇచ్చేయొచ్చు.